నవ్విన నాపచేనే పండిందా?

కొత్త బొమ్మ పడ్డ రోజున మద్దిలపాలెంలో తీర్పు రావడానికి సాయంత్రం దాకా ఆగక్కర్లేదు. సీఎంఆర్ సెంట్రల్లో మార్నింగ్ షో ఇంటర్వెల్ కాగానే “పోయింది గురూ!” అన్న మాట ఆర్టీసీ డిపో దాటి యూనివర్సిటీ హాస్టళ్లకి పాకిపోతుంది. చిత్రమేమిటంటే, పదేళ్లు పోయాక అదే కుర్రకారు అదే బొమ్మ గురించి “అప్పట్లో మనవాళ్లకి ఎక్కలేదు గానీ...” అని నిట్టూరుస్తారు. మానవాతీత శక్తుల చిత్రాల విషయంలో ఈ తంతు మరీ ఎక్కువ. ఎందుకంటారు?

మన సూపర్ హీరోకి గ్రహాంతర జన్మతో పని లేదు, దేవుడి వరం చాలు! 1980లో వి. మధుసూదనరావు తీసిన ‘సూపర్ మాన్’లో ఎన్టీఆర్‌కి శక్తినిచ్చింది ఆంజనేయుడే. ఆ ట్రిక్ షాట్లు చూసి నేటి కుర్రాళ్లు నవ్వుతారు, నిజమే. కానీ 2024లో ‘హనుమాన్’ వచ్చి జేజేలు అందుకున్నాక ఆ నవ్వులో కాస్త ఆప్యాయత చేరింది. “మనవాళ్లు అప్పుడే మొదలెట్టారన్నమాట!” అంటున్నారు.

ఇక ‘అంజి’ సంగతి. శ్యాంప్రసాద్‌రెడ్డి నిర్మాతగా, కోడి రామకృష్ణ దర్శకుడిగా ఏళ్ల తరబడి తీసిన చిత్రం. 72 ఏళ్లకోసారి ఆకాశగంగ ఆత్మలింగంలోకి దిగే కథ. 2004 సంక్రాంతికి వచ్చింది. జనం పెదవి విరిచారు. అదే పండక్కి వచ్చిన ‘వర్షం’ పందెం గెల్చుకుపోయింది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు వచ్చినా హాలు నిండలేదు.

మొన్న కృష్ణా కాలేజీ దగ్గర టీ బడ్డీలో ఇదే చర్చ.

“ఏటి బాబాయ్, ‘అంజి’ పోయిందంటారేటి? చిన్నప్పుడు టీవీలో వస్తే అన్నం ముద్ద నోట్లోకెళ్లేది కాదు!” అన్నాడో డిగ్రీ కుర్రాడు.

“నీకేం నాయనా, టిక్కెట్టు కొన్లేదు. మేం ‘ఇంద్ర’, ‘ఠాగూర్’ చూసిన కళ్లతో వెళ్లాం. ఆ డైలాగులేవీ, ఆ ఫైట్లేవీ అని వెతుక్కున్నాం” అన్నాడు పెద్దాయన. గ్లాసు కింద పెట్టి, “ఇప్పుడు చూస్తే బాగానే ఉందిలే” అన్నాడు.

అదీ కిటుకు! గ్రాఫిక్స్ ఏటికేడాది పాతబడతాయే గానీ కొత్తబడవు. అయినా మెప్పు పెరుగుతోందంటే, అప్పట్లో జనం తూచింది బొమ్మని కాదు, తమ ఆశని. ఆశ చల్లారాక బొమ్మ కనబడింది. పైగా అదే జంట 2009లో ‘అరుంధతి’ ఇచ్చింది. గెలిచిన మెట్టు ఎక్కాక కింది మెట్టు విలువ తెలుస్తుంది కదా!

మామూలు టాక్సీ డ్రైవర్‌ని ఊరంతా దేవుడనుకునే ‘ఖలేజా’దీ ఇదే దారి. 2010లో తడబడింది. టీవీలో అభిమానం కూడబెట్టుకుని, 2025 మేలో మళ్లీ విడుదలైతే కుర్రాళ్లు పండగ చేసుకున్నారు. హాలీవుడ్‌లోనూ అంతే. 2014లో ‘అమేజింగ్ స్పైడర్ మాన్ 2’ని విమర్శకులు చీల్చి చెండాడారు, ఆ వరసలో మూడోది రానేలేదు. 2021లో ‘నో వే హోమ్’లో అదే ఆండ్రూ గార్ఫీల్డ్ కనబడగానే హాళ్లలో ఈలలే ఈలలు!

అలాగని పాతబడ్డ ప్రతి బొమ్మా బంగారం కాదు. తీసినవాడి నమ్మకం తెరమీద కనిపించిన వాటికే ఈ క్షమాభిక్ష. ‘అంజి’ కథ అక్కడక్కడా సాగిన మాట ఇవాళా నిజమే.

బాధల్లా ఒకటే. ఆలస్యంగా వచ్చే మెప్పు నిర్మాత అప్పు తీర్చదు, బయ్యరు నష్టం పూడ్చదు. అలాంటి సాహసం మళ్లీ తలపెట్టే గుండె ఎందరికుంటుంది?

కాబట్టి సోదరులారా, లోపాన్ని లోపమనే చెప్పండి, మొహమాటం వద్దు. దాంతోపాటు పదేళ్ల తర్వాత చెప్పబోయే ఆ మంచి మాటేదో, మార్నింగ్ షో నుంచి బయటికొస్తూనే చెప్పేయండి!