బ్లాకులు లేవు, మరి నొప్పెందుకు?

"యాంజియో చేసిన్రు మేడం, బ్లాకులు లేవన్నరు. గ్యాస్ గోలీలు రాసిచ్చిన్రు. మెట్లెక్కితే మాత్రం ఛాతీ పట్టేస్తున్నది."

సికింద్రాబాద్ కార్ఖానాలో ఎకో తీసే టెక్నీషియన్ని. వాసవి నగర్ నుంచో, పికెట్ నుంచో వచ్చి ఇలా చెప్పుకునేవాళ్లలో కొందరికి గుండె గదుల మధ్య గోడ 18, 20 మిల్లీమీటర్లుంటుంది. మామూలుగా 11 దాటదు. బీపీలాంటి కారణం లేకుండా 15కి చేరితే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అని అనుమానిస్తారు. అంటే గుండె కండరం దళసరెక్కే జబ్బు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

వాళ్ల నొప్పి నిజం. యాంజియోగ్రామ్‌లో కనబడేవి పెద్ద ధమనులే. కండరంలోకి దిగిన సన్న నాళాలు ఆ బొమ్మకు అందవు. ఈ జబ్బులో వాటి గోడలు మందమై లోపలి దారి ఇరుకవుతుంది. కూర్చున్నప్పుడు సరిపోయిన రక్తం మెట్లెక్కేటప్పుడు చాలదు, ఆ నాళాలు విప్పారలేవు కాబట్టి. పెరిగిన కండరానికి తగినన్ని కేశనాళికలుండవు. బిగుసుకున్న కండరం ఉన్నవాటినీ నొక్కేస్తుంది. రక్తమందని చోట కణాలు చచ్చి మచ్చ కడుతుంది. గుండె లయ తప్పే ప్రమాదం అలాంటి మచ్చల దగ్గరే ఎక్కువ.

1986లో అమెరికాలో బ్యారీ మారన్ బృందం ఈ జబ్బున్న 48 గుండెలను కోసి చూస్తే 40 గుండెల్లో ఈ నాళాలు చెడి ఉన్నాయి. 2003లో ఇటలీ వైద్యులు ఈ జబ్బున్న 51 మందికి పెట్ స్కాన్ తీసి, ఏళ్ల తరబడి గమనించారు. రక్తప్రవాహం బాగా తగ్గినవాళ్లకే ముప్పు ఎక్కువని తేలింది. నా ఎకోలో గోడ మందం కనిపిస్తుంది కానీ ఈ నాళాలు కనిపించవు. వాటిలో రక్తప్రవాహం తెలియాలంటే పెట్ గానీ, స్ట్రెస్ ఎమ్మారై గానీ కావాలి.

మూలం చాలామందిలో జన్యువుల్లో ఉంటుంది. మనకు దగ్గర్లోనే, హబ్సిగూడలోని సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, సహచరులు 2009లో ఒక సంగతి బయటపెట్టారు. గుండె కండరానికి చెందిన ఒక జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోయిన లోపం భారత ఉపఖండంలో సుమారు 4 శాతం మందిలో ఉంది. ఆ లోపం ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, కానీ వయసు మీద పడ్డాక గుండె బలహీనపడే ముప్పు పెరుగుతుంది.

అందుకే జబ్బని తేలినవాళ్లను తోబుట్టువులకూ పిల్లలకూ ఎకో తీయించమని బతిమాలతాను. ఇంకొక మాట కూడా చెబుతాను: ఛాతీ నొప్పి రాగానే ఇంట్లో ఉందికదా అని నాలుక కింద సార్బిట్రేట్ గోలీ పెట్టుకోవద్దు. గోడ అడ్డుపడి రక్తం బయటికి పోవడమే కష్టంగా ఉన్నవాళ్లకు ఆ గోలీతో బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు. తగ్గని నొప్పయితే 108కి ఫోన్ చేసి, గోడ మందంగా ఉందన్న సంగతి ముందే చెప్పాలి.