గుడి పైకి బయటినుంచి మెట్లు

దివిసీమలో మా అమ్మమ్మగారి ఊళ్లో పాత రామాలయం తీసేసి కొత్తది కడదామని, ఆర్కిటెక్టునని నన్ను పిలిచారు. "శిఖరం ఎంత ఎత్తు పెడదాం అమ్మాయ్?" అని పెద్దలు అడిగారు. 1977 నవంబరు 19 రాత్రి ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయని నేను అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. మా అమ్మమ్మ ఒక డాబా ఎక్కి బతికింది. చివరికి ఒకాయన గోడ దగ్గరికెళ్లి, మునివేళ్ల మీద నిలబడి చెయ్యెత్తి చూపించాడు.

గుడి నేల అంతకన్నా పైన ఉండాలి. కింద ఖాళీ స్తంభాలుంటే నీళ్లు వాటి మధ్యనుంచి పోతాయి. "దేవుడి కింద జనం తిరగడమా!" అన్నారు. సరే, గర్భగుడి కింద రాతికట్టు గట్టిగా లేపి, మండపం కింద మాత్రమే స్తంభాలు వేశాను. ఉప్పెనొస్తే జనం ఎక్కే కప్పు కూడా మండపం మీదే. స్వామి నెత్తిన ఎవరూ ఎక్కరు.

ఒక కుర్రాడు ఫోన్లో కాగితపు చర్చి చూపించి, "ఇలా తేలిగ్గా కట్టొచ్చుగా అక్కా?" అన్నాడు. 1995 కోబె భూకంపంలో తకతోరి చర్చి కాలిపోతే, షిగెరు బాన్ 58 కాగితపు గొట్టాలతో అక్కడ ప్రార్థనా మందిరం నిలబెట్టాడు. పదేళ్ల తర్వాత దాన్ని విప్పి, భూకంపం చూసిన తైవాన్ ఊరికి పట్టుకెళ్లి మళ్లీ కట్టారు. నాకెంతో ఇష్టమైన కట్టడం. భూకంపంలో ప్రాణం తీసేది నెత్తిమీది బరువు. మన దగ్గర తేలిక కప్పును గాలి లేపుకుపోతుంది.

ఇక్కడి ఉప్పు నీళ్లతో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడుతుంది. మంచినీళ్లు ట్యాంకరుతో తెప్పించాల్సిందే, ఊచ చుట్టూ 50 మిల్లీమీటర్ల కవరింగ్ ఉండాల్సిందే. ఖర్చు తగ్గాలంటే శిఖరం మీద బొమ్మలు తగ్గించండి, ఇందులో వద్దన్నాను.

హుండీ ఉన్న గుడికి రాత్రి తాళం తప్పదు. అందుకే కప్పు మీదికి మెట్లు బయటినుంచి పెట్టాను. మరుగుదొడ్లు ప్రహరీ అవతల, మండపమంత ఎత్తులో. మధ్య చిన్న వంతెన. రాత్రంతా అక్కడ ఆడవాళ్లు, పిల్లలు ఉండాలిగా! కులమనీ మైలనీ ఉప్పెన రాత్రి ఎవరినీ ఆపబోమని పెద్దలు సంతకాలు పెట్టాకే ప్లాను చేతికిచ్చాను.

తీరం ఊళ్లలో గుడికో చర్చికో మసీదుకో చందా ఇచ్చేవారికి నా మనవి: రసీదు తీసుకునే ముందు, పైకి మెట్లు ఎటునుంచో అడగండి.