కౌమారారోగ్యము: కొన్ని అపోహలు – వాస్తవములు

శేరిలింగంపల్లి యనగానే మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతములందలి సాఫ్ట్‌వేర్ కార్యాలయములును, 1998లో ప్రారంభమైన సైబర్ టవర్సును స్ఫురించుట సహజమే గాని, ఆ మేడలను కట్టుటకై పాలమూరు నుండియు, ఒడిశా నుండియు వలస వచ్చి రేకుల గుడిసెలలో తలదాచుకొను కూలీల సంతానము ఎవరికిని స్ఫురింపదు. ఇంత సంపద పెరిగిన చోట కౌమారవయస్కుల ఆరోగ్యమునకై స్వచ్ఛంద సంస్థలు పాటుపడవలసిన పని యేమున్నదని విద్యావంతులే ప్రశ్నించుచుందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పది మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల వయస్సును కౌమారమనుచున్నది. ఆ వయస్సున ఆరోగ్యమును చెఱచునవి రోగములు మాత్రమే కావనియు, వాని వెనుక పెద్దల అపోహలు పెక్కు దాగియున్నవనియు నా దృఢవిశ్వాసము.

పేదవాని బిడ్డ పనికి పోక తప్పదనియు, తలిదండ్రులకే చదువుపై ఆసక్తి లేదనియు ననుట అన్నింటికంటె పాతుకొనిపోయిన అపోహ. దీనిని తొలగించిన ప్రయత్నము ఈ సీమలోనే జరిగినది. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమును బోధించిన ఆచార్య శాంతా సిన్హా, తన తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్య పేర 1981లో నెలకొన్న ఫౌండేషన్ ద్వారా, 1991 మొదలుకొని రంగారెడ్డి జిల్లా గ్రామములలో ఇల్లిల్లు తిరిగి, బడికి పోని ప్రతి బిడ్డయు, కూలి తెచ్చినను తేకున్నను, బాలకార్మికుడేయను సూత్రమును నిలిపిరి. పనిలో నున్న పిల్లలను కొన్ని నెలలు శిబిరములలో నుంచి, చదువు నేర్పి, వారి వయస్సునకు తగిన తరగతిలో ప్రభుత్వ పాఠశాలయందే చేర్పించుట వారి పద్ధతి. ప్రభుత్వోపాధ్యాయులు సైతము బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఈ పనికి తోడైరి. దారి చూపువారున్నచో కడుపేద తలిదండ్రులు కూడ అప్పుచేసియైనను బిడ్డను బడికి పంపుదురని అచ్చట తేటపడినది. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారము లభించినది. ఇది విద్యకు సంబంధించిన ముచ్చటయే గాని ఆరోగ్యమునకు సంబంధించినది కాదని కొందరనవచ్చును. పత్తి విత్తన చేలలో పురుగుమందుల నడుమ దినమెల్ల వంగి పనిచేయు బాలిక విషయమున ఈ రెంటిని వేఱుచేయుట ఎట్లు?

ఈడు వచ్చిన పిల్లకు పెండ్లియే రక్షణ యనుట మఱియొక అపోహ. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తెలంగాణలో 20–24 ఏండ్ల స్త్రీలలో 23.5 శాతము పదునెనిమిదేండ్లు నిండకమునుపే వివాహితలైనవారు. శరీరము పూర్తిగా ఎదుగకమునుపే తల్లియగు బాలికకు గుఱ్ఱపువాతము వంటి ప్రాణాపాయములును, ఆమె బిడ్డకు బరువు తక్కువగా పుట్టు గండమును అధికమని వైద్యశాస్త్రము చెప్పుచుండగా, దీనిని రక్షణయని యెట్లనగలము?

ఆడపిల్లకు నీరసము సహజమే యనుమాట ఇంటింట వినబడును. ఆ సర్వేయే దేశమున 15–19 ఏండ్ల బాలికలలో 59.1 శాతమునకును, బాలురలో 31.1 శాతమునకును రక్తహీనత కలదని తేల్చినది. ఇది సామాన్యమైనంత మాత్రమున సహజము కానేరదు. మగపిల్లలకు రాదనుటయు, కలిగినవారి యిండ్లలో నుండదనుటయు నిజములు కావు. బడిలో వారమున కొకమారు ఇచ్చు నీలిరంగు మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. "వేడి చేయును" అని దానిని దాచి పాఱవేయువారు కలరు. మలము నల్లబడుట కీడు కాదు. కడుపులో వికారము కలుగకుండ భోజనానంతరము వేసికొనిన చాలును. మాత్రతో గాని, భోజనముతో గాని టీ త్రాగినచో ఇనుము ఒంటబట్టుట తగ్గును. పప్పుపై పిండిన నిమ్మరసము, ఒక జామపండు దానిని హెచ్చించును. నులిపురుగుల మందును గూడ విడువరాదు.

మనోవ్యథను గూర్చి అడిగినచో లేని తలంపు పుట్టునను భయమున, పరీక్షల యొత్తిడిలో నున్న పిల్లలను ఎవరును పలుకరింపరు. చనిపోవలెననిపించుచున్నదా యని సూటిగా, దయతో నడుగుట ఆ తలంపును నాటదనియు, పైపెచ్చు బరువు దింపుననియు పరిశోధనలు తెలుపుచున్నవి. 14416 సంఖ్యకు ఫోను చేసినచో ప్రభుత్వ మానసికారోగ్య సేవయైన టెలిమానస్ సలహాదారులు తెలుగులోనే మాటాడుదురు. ఆపదలోని పిల్లలకు 1098 అను ఫోను సంఖ్య కలదు.

సంవత్సరము నడుమ వలస వచ్చిన బిడ్డను ఏ బడియు చేర్చుకొనదనుట మేస్త్రీలు మొదలు యజమానుల వరకు అందఱును నమ్ము మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఇందుకు విరుద్ధముగా నున్నది: వయోధ్రువీకరణ పత్రము లేదనియు, గడువు మీఱినదనియు ప్రవేశమును నిరాకరింపరాదు, ఎన్నడు బడికి పోకున్నను వయస్సునకు తగిన తరగతిలోనే చేర్చి ప్రత్యేక శిక్షణ నీయవలెను, అట్లు చేరిన బిడ్డకు పదునాలుగేండ్లు దాటినను ఎనిమిదవ తరగతి ముగియువఱకు ఉచితవిద్య హక్కుగా నుండును. నల్లగండ్లలో కట్టుచున్న మేడ క్రింద తమ్ముని ఎత్తుకొని నిలిచిన పదమూడేండ్ల పిల్లకు ఈ చట్టము నేడే వర్తించును.