కంప్యూటర్ల శ్రమదానము

చెరువు పూడిక తీయుటకు, బాట వేయుటకు ఇంటికొక మనిషి వచ్చి చేయు శ్రమదానము మన పంచాయతీలకు కొత్త కాదు. ఆ పద్ధతినే కంప్యూటర్లకు అన్వయించిన విధానమొకటి పాతికేండ్లకు పైగా ప్రపంచమున నడచుచున్నది. ఐ.ఐ.టి., ఐసర్ అను రెండు జాతీయ విద్యాసంస్థలు ఏర్పేడు మండలమున వెలసిన పిదప శాస్త్రపరిశోధన ఈ ప్రాంతమునకు పొరుగింటి మాట యైనది. పరిశోధనలో గ్రామమునకును పాలు కల్పించు ఈ మార్గపు మంచిచెడ్డలను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట యుక్తము.

పని జరుగు తీరు

బస్తా వేరుసెనగను పది ఇండ్లకు పంచి, ఒలిచిన పప్పును తిరిగి తెచ్చుకొను రైతును తలచుకొనుడు. పరిశోధనాలయము పెద్ద లెక్కను చిన్న ముక్కలు చేసి, ఇంటర్నెట్ ద్వారా దాతల కంప్యూటర్లకు పంపును. అవి లెక్క ముగించి ఫలితమును తిప్పి పంపును. పొరపాటు దొర్లకుండుటకై అనేక పథకములందు ఒకే ముక్కను ఇద్దరికి పంపి, రెండు జవాబులును సరిపోయిననే స్వీకరింతురు.

ఒకే కోర్ వేగమును పెంచుచు పోగా వేడిమి మితిమీరుటచే తయారీదారులు కోర్ల సంఖ్యను పెంచిరి. 2005 నాటికి రెండు కోర్ల ప్రాసెసర్లు సామాన్యుల కంప్యూటర్లలోనికి వచ్చినవి. నాలుగు కోర్లున్న యంత్రము నాలుగు ముక్కలను ఏకకాలమున చేయగలదు. అయితే నలుగురు కూలీలకు నాలుగు చేటలు వలసినట్లు, ప్రతి ముక్కకును వేరుగా మెమరీ కావలెను. అది చాలనిచో యంత్రము మందగించును.

జరిగిన మేలు

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారు 1999లో ఆరంభించిన 'సెటి ఎట్ హోమ్' గ్రహాంతరవాసుల సంకేతములకై వెదకి, 2020 మార్చిలో పని పంపుట నిలిపెను. సంకేతము దొరకలేదు, కాని అచట రూపొందిన 'బోయింక్' అను సాఫ్ట్‌వేర్ అనేక పరిశోధనలకు ఆధారమైనది. 2010లో 'ఐన్‌స్టీన్ ఎట్ హోమ్' దాతల కంప్యూటర్లు ఒక కొత్త పల్సార్ నక్షత్రమును కనుగొన్నవి. 2020లో కోవిడ్ వేళ 'ఫోల్డింగ్ ఎట్ హోమ్'నకు చేరిన యంత్రముల ఉమ్మడి శక్తి ఆనాటి ఏ సూపర్ కంప్యూటరు శక్తినైనను మించెను.

గమనింపవలసినవి

ఈ దానము ఉచితము కాదు. ఊరక యున్న కోర్ తక్కువ విద్యుత్తును, లెక్కలో పడిన కోర్ ఎక్కువ విద్యుత్తును వాడును. అదనపు వాడకము 60 వాట్లనుకొనినచో, దినమునకు 8 గంటల చొప్పున 30 దినములకు 14.4 యూనిట్లగును. ఆ బిల్లును ఎవరు భరింతురో ముందే తేల్చుకొనవలెను. మన వేసవి వేడిమిలో యంత్రము మరింత కాగును. కావున సగము కోర్లను మాత్రమే, అదియు ఎవరును వాడని వేళలందే, పనిలో పెట్టుట మేలు. బోయింక్‌లో ఈ రెండు ఏర్పాట్లును గలవు.

అనుమతి అన్నిటికంటె ముఖ్యము. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఒక కళాశాల ఉద్యోగి సంస్థ కంప్యూటర్లలో అనుమతి లేక ఇట్టి ప్రోగ్రామును పెట్టి నేరాభియోగమునకు గురియయ్యెను. 2002లో సొమ్ము చెల్లించి, ప్రొబేషన్‌కు లోబడవలసి వచ్చెను. ఉద్దేశము మంచిదైనను ప్రజల ఆస్తి ప్రజలదే.

పంచాయతీ దస్త్రములున్న కంప్యూటరును ఇందుకు వాడరాదని మా అభిప్రాయము. దాతృత్వము పేర రహస్యముగా ఒకరి లాభమునకై నడచు ప్రోగ్రాములును గలవు. కావున ఆయా పరిశోధన సంస్థల నుండియే సాఫ్ట్‌వేర్‌ను గ్రహింపవలెను. సొంత కంప్యూటరున్న యువకులు ముందుగా తమ ఇంట ప్రారంభించి, ఒక నెల బిల్లును సభ్యులకు చూపినచో, తరువాతి నిర్ణయము సులభమగును.