వైద్యశాలలు చారిత్రక ఆధారాలుగా: హైదరాబాదు ఉదాహరణ

కోటను, దేవాలయాన్ని చూడగానే అది చారిత్రక కట్టడమని మనం గుర్తిస్తాం. ఆసుపత్రిని మాత్రం అలా చూడం. ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడిన మనిషికి పైనున్న గుమ్మటం కనబడదు. కనబడాలని కోరడమూ న్యాయం కాదు. కానీ చరిత్ర విద్యార్థిగా మీరు ఆసుపత్రి భవనాన్ని కూడా ఒక ఆధారంగా చదవగలగాలి.

హైదరాబాదు పాతబస్తీలో, సాలార్‌జంగ్ మ్యూజియానికి దగ్గరలో దారుల్ షిఫా అనే పేట ఉంది. అరబ్బీలో 'దార్' అంటే ఇల్లు, 'షిఫా' అంటే స్వస్థత. మహమ్మద్ కులీ కుతుబ్ షా 16వ శతాబ్ది చివరిలో ఇక్కడ వైద్యశాల కట్టించాడు. నడుమ విశాలమైన ఆవరణ, దాని చుట్టూ రెండంతస్తుల్లో గదులు. యునానీ హకీములు ఇక్కడే చికిత్స చేసేవారు, ఇక్కడే విద్యార్థులకు వైద్యం బోధించేవారు. మంచి గాలి ఆరోగ్యానికి మూలమని యునానీ వైద్యం చెబుతుంది. గదులన్నీ ఆవరణవైపు తెరుచుకునే అమరిక ఆ భావనకు సరిపోతుంది. అయితే తొందరపడకండి. బాటసారులు బస చేసే సరాయిలను కూడా ఇదే పద్ధతిలో కట్టేవారు. కాబట్టి ఆకారం ఒక్కదాన్నే చూసి ఇది వైద్యశాల అని తేల్చలేం. ఇక్కడ పేట పేరే మనకు గట్టి ఆధారం. వైద్యం ఆగిపోయి చాలాకాలమైనా ఆ పేరు నిలిచి ఉంది.

నయాపుల్ మీదుగా మూసీ దాటితే అఫ్జల్‌గంజ్ వస్తుంది. 1908 సెప్టెంబరు వరదలో ఇక్కడి పాత ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని ప్రసిద్ధి. ఆ తరువాత ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ రూపకల్పనతో ఉస్మానియా ఆసుపత్రి భవనం వెలసింది. గుమ్మటాలు, కమానులు రాజ్య వైభవాన్ని చాటడానికి. ఎత్తైన కప్పులు, పెద్ద కిటికీలు, వెడల్పాటి వసారాలు మాత్రం రోగి కోసం. విద్యుత్ పంకాలు ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లో వార్డులోని వేడిగాలి పైకి పోవాలన్నా, వెలుతురు లోపలికి రావాలన్నా కట్టడమే ఆ పని చేయాలి.

ఈ భవనం మీదనే పెద్ద వివాదం నడిచింది. కప్పులు కారాయి, పెచ్చులూడాయి. 2020 జులైలో వర్షపు నీరు వార్డుల్లోకి చేరడంతో రోగులను తరలించి పాత భవనాన్ని మూసివేశారు. కూల్చి కొత్తది కట్టాలని కొందరు, మరమ్మతు చేసి నిలపాలని మరికొందరు వాదించారు. వ్యవహారం హైకోర్టుకు చేరింది. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

రెండు వాదాలనూ మీరు సమంగా తూచవలసిన పని లేదు. పెచ్చులూడే కప్పు కింద రోగిని పడుకోబెట్టమని వారసత్వ ప్రేమికులెవరూ అడగరు. అసలు చిక్కు వేరే ఉంది. సున్నంతో కట్టిన గోడలకు ఏటేటా చిన్న మరమ్మతులు కావాలి. వాననీటి తూములు పూడిపోకుండా, గోడ పగుళ్లలో రావిమొక్కలు వేళ్లూనకుండా చూడాలి. ఆ పని ఏళ్లతరబడి వాయిదా పడితే, చివరికి 'రోగి ప్రాణమా, పాత గోడలా' అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న ఎదురయ్యేసరికే చాలా ఆలస్యమైపోయి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ జిల్లాలోని ఒక పాత ఆసుపత్రినిగాని, వైద్యంతో ముడిపడిన పేట పేరునుగాని ఎంచుకోండి. దాన్ని ఎవరు, ఏ అవసరం కోసం ఏర్పరచారు? కట్టడంలో రోగి కోసం చేసిన ఏర్పాట్లేవి, వైభవం కోసం చేసినవేవి? పది వాక్యాల్లో రాయండి.