పనిబల్లకు వాలుచెక్కల క్లాంపు

కృష్ణపట్నపు టుప్పుగాలికి ఇనుము నిలువదు. పట్టణమునుండి మేము తెచ్చుకొనిన ఇనుప క్లాంపు మర రెండు వానకాలములకే తుప్పుపట్టి తిరుగకపోయెను. తలుపురెక్కయో, ధాన్యపు పెట్టెయో ఇంటనే అతుకుకొను రైతుకు జిగురు ఆఱువఱకు పలకలను అదిమి పట్టుటయే కష్టము. అందుకుఁ గొయ్యయే చాలును.

పలకల మొత్తము వెడల్పుకంటె జానెడు పొడవైన బద్దె తీసికొని, రెండు కొనలందును దిమ్మలను జిగురుతోను, కొయ్యచీలలతోను బిగింపవలెను. పలకకును ఒక దిమ్మకును నడుమ మూడంగుళములకుఁ గొంచెము తక్కువ సందుండవలెను. ఆ సందులోనికి రెండు వాలుచెక్కలు కావలెను. ఒక్కొక్కటి ఎనిమిదంగుళముల పొడవు. ఒక కొన రెండంగుళములు, రెండవ కొన ఒక అంగుళము మందము. వాలు మిక్కిలి హెచ్చయినచో చెక్క వెనుకకు జారును.

మేము మొదట ఒక్క చెక్కనే కొట్టితిమి. ఒత్తిడి ఏటవాలుగాఁ బడి పలక ప్రక్కకు జరిగి, అతుకు పాడయ్యెను. రెంటిని ఎదురెదురుగాఁ జొనిపి, ఇరుప్రక్కలనుండి మార్చి మార్చి కొట్టినచో ఒత్తిడి తిన్నగాఁ బడును. బద్దెలన్నియు ఒకే వైపుననుంచినచో పలక విల్లువలె వంగును. ఒకటి క్రిందను, ఒకటి పైనను ఉంచవలెను. నడుమ నూనెకాగితము మఱవరాదు. లేనిచో బద్దెయే అతుకుకొనును!

ఇచ్చటి ఇసుకనేలల సరుగుడు గట్టిదే గాని ఆఱునపుడు పగులును. బాగుగా ఆఱినదే బద్దెకుఁ బనికివచ్చును. వాలుచెక్కలకు నల్లతుమ్మ మేలు. అతుకు వెంబడి జిగురు సన్నని పూసలవలె వెలికివచ్చినంతనే కొట్టుట మానవలెను. వానదినములందు రెండు రాత్రులు కదపక విడువుఁడు.