నాకెందుకు త్రీడీ కనవడలే?

మొదటిసారి త్రీడీ సిన్మకు పోయినప్పుడు పక్క సీట్ల దోస్తు చెయ్యి సాపి గాలిల బాణం పట్టబోయిండు. నాకేమో అంతా గోడ మీద బొమ్మ లెక్కనే ఉన్నది. కండ్లద్దాలు మార్చి సూశిన, అదే కత. దోస్తులు నవ్విండ్రు. తర్వాత కండ్ల డాక్టరు అసలు సంగతి చెప్పిండు: నా ఎడమ కన్ను చిన్నప్పటి సందే మందంగ ఉన్నది, మెదడు దాన్ని పక్కకు పెట్టేసింది. గప్పుడు త్రీడీ అంటె ఏందో తెలుసుకున్న.

మన కండ్ల నడుమ సుమారు 6 సెంటీమీటర్ల ఎడం ఉంటది. బొటనవేలు ముంగట పెట్టి ఒక్కో కన్ను మూసి సూడుండ్రి, వేలు పక్కకు జరిగినట్టు కొడ్తది. దీన్నే పారలాక్స్ అంటరు. ఆ తేడాను బట్టే మెదడు దూరం అంచనా కడ్తది. 1838ల చార్లెస్ వీట్‌స్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త రెండు బొమ్మలు, రెండు అద్దాలతోని దీన్ని రుజువు చేసిండు. ఆ పరికరమే స్టీరియోస్కోప్.

సూశే తీర్లు శానా ఉన్నా కిటుకు ఒక్కటే: ఏ కంటి బొమ్మ ఆ కంటికే పోవాలె.

ఎరుపు, నీలం అద్దాలది అనాగ్లిఫ్. తెల్ల కాయితం మీది ఎర్ర గీత ఎర్ర అద్దంల నుంచి కనవడది, నీలి గీత నల్లగ కనవడ్తది. అట్ల రెండు బొమ్మలు వేరువడ్తయి. శానా సిన్మ హాళ్లల్ల పోలరైజ్డ్ అద్దాలిస్తరు. అవి రంగును కాదు, వెలుతురు ఊగే తీరును బట్టి వడగడ్తయి. ఇండియాల మొదటి త్రీడీ సిన్మ 1984ల వచ్చిన మలయాళం 'మై డియర్ కుట్టిచాతన్'.

అద్దాలు లేకుండ గూడ సూడొచ్చు. పక్కపక్కన ఉన్న జోడీ బొమ్మల దిక్కు దూరంగ సూశినట్టు సూస్తె సమాంతర చూపు. ముక్కు దిక్కు కండ్లు తిప్పి సూస్తె అడ్డ చూపు, దీనికి ఎడమ బొమ్మ కుడి దిక్కు ఉండాలె. తారుమారైతె దగ్గరిది దూరం, దూరంది దగ్గరైతది.

ఒక్క కన్నుతోని నేను బండి నడుపుతనే ఉన్న. నీడలు, సైజు సూసి దూరం పసిగడ్త. గని చిన్నప్పుడే దొరికితె ఈ మందం శానా వరకు నయమైతదట. గందుకే, మీ ఇంట్ల పిల్లలకు ఒక్కో కన్ను మూసి గోడ మీది క్యాలెండరు సదివించుండ్రి. ఒక కంటికి తేడా కొడ్తె డాక్టరు తానికి తోల్కపోండ్రి. త్రీడీ కనవడ్తలేదన్నోన్ని సూసి మాత్రం నవ్వకుండ్రి.